పెరటి ఎరువుల షాపు: 14 నెలలు కొన్నాక నా మాట

ముందు తీర్పు చెప్పేసి తర్వాత సోది మొదలెడతాను, ఎందుకంటే సగం మంది మొదటి నాలుగు లైన్లు చదివి షాపుకి బయల్దేరిపోతారు. ఈ షాపులో వానపాముల ఎరువు కొనొచ్చు, తూకం లెక్కన మాత్రం కొనొద్దు. వేపపిండి కళ్ళు మూసుకుని తెచ్చుకోండి. పశువుల పెంట బస్తా విప్పి, చెయ్యి పెట్టి, వాసన చూడకుండా డబ్బులివ్వొద్దు. కోళ్ల ఎరువు ఇంటి పెరట్లోకి అసలు రానివ్వొద్దు. సీసాల్లో అమ్మే జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు) ఊరికే ఇచ్చినా వద్దు, ఆ కథ కింద చెప్తాను.

షాపు పేరు రాయడం లేదండి. షాపాయనతో నాకు నాలుగైదు గొడవలయ్యాయి, అయినా ఇప్పటికీ అక్కడే కొంటున్నాను, వచ్చే వారం మళ్ళీ ఆ మొహమే చూడాలి. కోనసీమలో మెయిన్ రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు, ముందు కొబ్బరి మొక్కలు, వెనక పెంట పోగులు, అంతే. అలాంటివి మన వైపు ఇప్పుడు ప్రతి నాలుగు ఊళ్ళకీ ఒకటి లేచింది కాబట్టి నేను రాసేది మీ ఊరి షాపుకీ సరిపోతుందనే అనుకుంటున్నాను.

మాది గోదావరి గౌతమి పాయ గట్టుకి దగ్గర ఊరు, పెరడు 3 సెంట్లు. 2022 జూలై వరదకి పెరట్లోకి నీళ్ళొచ్చి, తీసేశాక చూస్తే జానెడు ఒండ్రు మేట వేసింది. అందరూ వచ్చి చూసి, "ఇంకేంటండీ, బంగారం పండుద్ది" అన్నారు. నేనూ నమ్మాను. ఆ ఏడు పండిందనే చెప్పాలి, ఆనపకాయలు కాసిన తీరుకి వీధంతా పంచాం. రెండో ఏడు నుంచి అసలు రంగు బయటపడింది. నీళ్ళు పోస్తే పైన నిలబడిపోవడం, మధ్యాహ్నానికల్లా అట్టు కట్టినట్టు పెళుసుబారి పలకలు పలకలుగా లేవడం, గునపం దించితే టంగుమనడం. కొత్తగా పడిన ఒండ్రులో కుళ్ళిన ఆకూ అలమా పెద్దగా ఉండదు, సన్నటి మన్ను అది, దాన్ని గుల్లచేసేది ఏదో ఒకటి ఏటా కలపకపోతే ఇటికలు చేసుకోడానికే పనికొస్తుంది. మా అత్తగారు మాత్రం పెంట కొంటున్నానంటే నెత్తి కొట్టుకున్నారు. "రెండు గేదెలున్నప్పుడు పేడ ఎత్తలేక చచ్చాం, ఇప్పుడు డబ్బులిచ్చి బస్తాలు మోయించుకుంటున్నావా" అని. ఆవిడ బాధ ఆవిడది. గేదెల్ని అమ్మేసి 11 ఏళ్ళయింది, ఇప్పుడు మా వీధిలో పాలు ప్యాకెట్టే, పేడా ప్యాకెట్టే.

ఈ 14 నెలల్లో రమారమి 11 వేలు పెట్టాను. అందులో ఒక 4 వేలు నా తెలివితక్కువకి పోయాయి. చివరికి నాకు అర్థమైంది ఏంటంటే, పచ్చి పేడ ఎక్కడైనా చవకే, దాన్ని ఐదారు నెలలు పోగేసి, తడిపి, తిరగేసి, అంత చోటు ఆపుకుని కూర్చున్నందుకే మనం ఆ షాపాయనకి డబ్బిస్తున్నాం. ఆ నెలలు నిజంగా గడిచాయో లేదో బస్తా మీద ఎక్కడా రాసి ఉండదు. మిగతా గొడవలన్నీ దాన్నుంచి పుట్టినవే.

మొదట వానపాముల ఎరువు సంగతి. 25 కిలోల బస్తా 300 రూపాయలు. ఆన్‌లైన్‌లో 5 కిలోల ప్యాకెట్టు కొనే ధరతో పోలిస్తే నయమే. మొదటి బస్తా విప్పగానే ప్రాణం లేచొచ్చింది, నల్లగా, టీ పొడిలా, తొలకరి వానప్పుడు వచ్చే మట్టి వాసన. కాకపోతే గుప్పెడు తీసి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. అప్పుడు అనుమానమొచ్చి వంటింటి త్రాసు మీద సరిగ్గా ఒక కిలో తూచి, పాత పేపర్ల మీద పరిచి, రెండు రోజులు ఎండలో పెట్టి మళ్ళీ తూచాను. 640 గ్రాములు. అంటే బస్తాలో 9 కిలోల నీళ్ళకి కూడా ఎరువు ధరే కట్టాను. ఎరువుల మీద 1985 నాటి కేంద్ర నియంత్రణ ఉత్తర్వు ఒకటుంది, దాని ప్రకారం వానపాముల ఎరువులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, 4 మిల్లీమీటర్ల జల్లెడలో వేస్తే నూటికి 90 వంతులు కిందికి దిగాలి, దుర్వాసన ఉండకూడదు, నత్రజని కనీసం ఒక శాతం ఉండాలి. ఇందులో మనం ఇంట్లో చూసుకోగలిగేవి తేమా జల్లెడా వాసనే, ఆ మూడూ చూసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

మర్నాడు వెళ్ళి అడిగాను. "ఆయ్, ఎర్రలు బతకాలంటే తడి ఉండాలి కదండీ మేడంగారూ" అన్నాడు. ఎర్రలంటే మా వైపు వానపాములే. "మీరు నాకు ఎర్రల్ని అమ్మారా, ఎరువుని అమ్మారా" అంటే నవ్వి ఊరుకున్నాడు. నిజానికి ఎరువు తయారయ్యాక నీళ్ళు చల్లడం ఆపేస్తే ఎర్రలు తడి వెతుక్కుంటూ అడుక్కి దిగిపోతాయి, అప్పుడు పైది ఎత్తి నీడలో ఆరబెట్టి జల్లించాలి, ఆ రెండు రోజుల ఓపిక లేక ఎత్తినదాన్ని ఎత్తినట్టే బస్తాల్లో కుక్కుతున్నారు. అలాగని ఎర్రటి ఎండలో ఎండబెట్టి పొడి చేసింది కూడా మంచిది కాదు, అందులో బతికున్నదేదీ మిగలదు. ఆ రోజు నుంచి నేను కిలోల లెక్క మానేసి తట్టల లెక్కకి దిగాను. నా తట్ట నేనే పట్టుకెళ్తాను, నిండుగా తట్ట 110 రూపాయలని మాట్లాడుకున్నాం. తడిగా ఉన్నా పొడిగా ఉన్నా తట్ట తట్టే కదా. మొదట మొహం మాడ్చుకున్నాడు గానీ ఇప్పుడు వేరేవాళ్ళకి కూడా అలాగే ఇస్తున్నాడని విన్నాను.

సరుకు మంచిదా కాదా అని నేను చేసే పరీక్ష ఒకటుంది, ఎవరైనా చెయ్యొచ్చు, ఖర్చు రూపాయి కూడా అవదు. రెండు కొబ్బరి చిప్పలు తీసుకుని అడుగున చిల్లు పెట్టి, ఒకదాంట్లో ఉత్త పెరటి మట్టి, ఇంకోదాంట్లో సగం మట్టి సగం కొన్న ఎరువు వేసి, రెంటిలోనూ 20 చొప్పున పెసలు నాటండి. ఎరువు మాగినదైతే మూడు నాలుగు రోజుల్లో రెంట్లోనూ దాదాపు ఒకేలా మొలుస్తాయి. పచ్చిదైతే ఎరువున్న చిప్పలో మొలకలు రావు, వచ్చినా వేరు కొస గోధుమరంగు తిరిగి ముడుచుకుపోతుంది. నాకు ఉత్త మట్టి చిప్పలో 19 మొలిస్తే వానపాముల ఎరువు చిప్పలో 18 మొలిచాయి. అదే షాపులో కొన్న పశువుల పెంట చిప్పలో 7.

ఇక ఆ పెంట గురించి. ఇది కొంచెం పొడుగు కథ.

బస్తా 160 రూపాయలు, 40 కిలోలంటారు. నేను బస్తాలతో ఆగకుండా నిరుడు వేసవిలో, ఎలాగూ కాలవలకి నీళ్ళు కట్టేశారు, కూలీలు ఖాళీగా ఉన్నారు, ఒకేసారి పెరడంతా వేసేద్దామని ట్రాక్టరు ట్రక్కు లోడు చెప్పేశాను, 3,500. "మాగిందేనా" అంటే "ఆయ్, ఏడాది పెంటండి, చేత్తో తినొచ్చు" అన్నాడు. తినే పని ఎందుకులెండి. లోడు వచ్చింది, గేటు ముందు దించేసి పోయారు. పైన చూస్తే నల్లగా పొడిపొడిగా ఉంది, పారతో లోపలికి తవ్వితే ఆవిరి లేచింది, గడ్డి పోచలు పోచల్లాగే కనిపిస్తున్నాయి, ముక్కులో సూదులు గుచ్చినట్టు ఘాటు. ఇనప చువ్వ ఒకటి పోగులోకి దించి పది నిమిషాలుంచి లాగి పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. మాగుతున్న పోగు అలాగే వేడెక్కుతుంది, 55, 60 డిగ్రీలు దాటుతుంది, అదేం తప్పు కాదు, కలుపు గింజలూ రోగక్రిములూ చావడానికి ఆ వేడి కావాలి. కానీ ఆ వేడి ఉన్నంతవరకు అది తయారీలో ఉన్న సరుకు. నేను డబ్బు కట్టింది తయారైపోయినదానికి.

అంతకంటే పెద్ద విషయం రెండో రోజు బయటపడింది. పోగుని కదుపుతుంటే బొటనవేలంత లావున, తెల్లగా, కొడవలిలా వంగి పడుకున్న పిల్లపురుగులు దొర్లుకుంటూ వచ్చాయి. నేను అవేవో వానపాముల్లాగా మేలు చేసేవే అనుకుని జాగ్రత్తగా పక్కకి పెడుతున్నాను కూడా. పక్కింటి బాబాయిగారికి వెనక కొబ్బరితోట ఉంది, ఆయన గోడ మీంచి చూసి కేకేశారు. "అమ్మాయీ, అవి కొమ్ము పురుగు పిల్లలే! చంపు, ముందు చంపు!" అని. కొబ్బరి మొవ్వులోకి దూరి విప్పుకోని ఆకుని నమిలేసేది ఆ కొమ్ము పురుగే, ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు త్రికోణం కోతలు కనిపిస్తాయి, కోనసీమలో చెట్టు తలెత్తి చూసే ప్రతివాడికీ తెలిసిన గుర్తు అది. పెద్ద పురుగు చెట్టు మీద, పిల్లలు పెంట పోగులోనూ కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లోనూ. అంటే నేను 3,500 ఇచ్చి కొబ్బరితోట పక్కన కొమ్ము పురుగుల పురిటిల్లు కట్టించానన్నమాట.

ఆ రోజు మా ఇంట్లో పని ఏమిటంటే, పోగుని పలచగా పరచడం, బాబాయిగారి కోళ్ళని వదలడం, కోళ్ళు వదిలేసినవాటిని ఏరి డబ్బాలో వెయ్యడం. 140 దాకా లెక్కపెట్టి తర్వాత లెక్క మానేశాను. మిగిలినదాన్లో బాబాయిగారు మెటారైజియం అనే బూజు పొడి నీళ్ళలో కలిపి చల్లించారు, అది ఆ పిల్లపురుగులకి పట్టి, అవి గట్టిపడి చచ్చి, పైన పచ్చటి బూజు లేస్తుంది, మనకీ ఎర్రలకీ ఏమీ చెయ్యదు. కొబ్బరి రైతులకి పెంట గోతుల్లో అది చల్లమని శాస్త్రవేత్తలు చెప్పడం కొత్త కాదు. మనలాంటి కుండీల బ్యాచ్‌కే తెలియదు. ఇంటి దగ్గర ఒక్క కొబ్బరి చెట్టున్నా సరే, కొన్న పెంట తిన్నగా మొదట్లో పొయ్యకండి, ఒకసారి పరిచి చూడండి.

షాపాయనకి ఫోన్ చేస్తే ఏమన్నాడో చెప్పాలి కదా. మొదట, "అన్ని పోగుల్లోనూ ఉంటాయండి అవి" అన్నాడు. అది నిజమే కావచ్చు, అందుకే అమ్మేముందు జల్లించాలి. రెండోసారి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి నేనే వెళ్ళాను, ఓ డబ్బాడు పిల్లపురుగుల్ని కౌంటరు మీద పెట్టాను. అప్పుడు రెండు బస్తాల వానపాముల ఎరువు ఊరికే ఇచ్చాడు, ట్రాక్టరు డబ్బులు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. న్యాయమా అంటే సగం న్యాయం.

ఆ పచ్చి లోడుని ఏం చేశానంటే, వెనక ఎత్తుగా ఉన్నచోట అడుగున కొబ్బరి డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు) బోర్లా పరిచి, దాని మీద పోగేసి, పైన మట్టలు కప్పి, మూడు వారాలకోసారి తిరగేసి, వేసవి పోయి వానలొచ్చి శ్రావణమాసం అయ్యేదాకా ముట్టుకోలేదు. మన డెల్టాలో పుస్తకాల్లో రాసినట్టు గొయ్యి తవ్వి వెయ్యడం కుదరదండి, జూలై వస్తే రెండడుగుల లోతుకే నీరు ఊరుతుంది, గొయ్యి గొయ్యిగా ఉండదు, ముక్కు మూసుకోవాల్సిన కుంటైపోతుంది. గాలి ఆడకపోతే మాగదు, కుళ్ళుతుంది. అందుకే నేల మీదే కట్టాలి. ఓపికుంటే ఇటికల మధ్య సందులు వదిలి కట్టే నాడెప్ తొట్టి మంచిది, మహారాష్ట్ర రైతు ఒకాయన చేసిన పద్ధతి, 10 అడుగుల పొడుగు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు, మూడు నాలుగు నెలల్లో ఎరువు దిగుతుంది. నా 3 సెంట్లలో అంత తొట్టి కడితే వంకాయలు నెత్తి మీద పండించుకోవాలి. అందుకని డొక్కలే.

వాన నీళ్ళు పోగులోంచి దిగకుండా పైన ఏదో ఒకటి కప్పడం మర్చిపోకండి. ఎర్రటి డికాషన్ లాంటి నీళ్ళు కిందికి కారి పోతున్నాయంటే మీరు కొన్న సారం బోదెలోకి పోతోందని లెక్క. నేను మొదటి వానకి కప్పలేదు, పక్కనున్న గడ్డి మాత్రం అడవిలా పెరిగింది.

తుంగ సంగతి వేరే. ఆ లోడుతో పాటు తుంగ దుంపలు కూడా వచ్చాయి, ఎక్కడో చేలగట్టు మీద పోగేసి మట్టితో సహా గీకి ఎత్తారన్నమాట. పీకుతూనే ఉన్నాను.

పచ్చి పెంట కూరల మీద వాడితే ఏమవుతుందని ఇంకో మాట. అమెరికా సేంద్రియ నిబంధనల్లో, మట్టికి తగిలే కూరలైతే పచ్చి పెంట వేశాక 120 రోజులు ఆగి కొయ్యాలని ఉంది, మట్టికి తగలనివైతే 90. మనం తోటకూర 25 రోజుల్లో పీకి పప్పులో వేసేస్తాం, కొత్తిమీరైతే కడిగీ కడగకుండా చారు మీద చల్లేస్తాం. కాబట్టి ఆకుకూరల మడికి మాగనిది వద్దే వద్దు. ఈ ఒక్క విషయంలో షాపు వాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పరు, అడిగినా "ఏం కాదండీ" అంటారు.

కోళ్ల ఎరువు. బస్తా 200, మన చుట్టుపక్కల తణుకు, అనపర్తి వైపు గుడ్ల ఫారాలకి లోటు లేదు కాబట్టి సరుక్కీ కొదవ లేదు, చేపల చెరువులకి లారీల్లో తోలేది ఇదే. పశువుల పెంటకంటే నత్రజని కొన్ని రెట్లు ఎక్కువ, ఆ ఎక్కువే కొంప ముంచుతుంది. 24 వంగ మొక్కలకి, మొదలుకి జానెడు దూరంలో తలో గుప్పెడు వేసి నీళ్ళు పెట్టాను. నాలుగో రోజుకి ఆకుల అంచులు ఇస్త్రీ పెట్టె తగిలినట్టు మాడాయి. తొమ్మిది మొక్కలు బతికాయి. వాసనకి మా ఆయన మూడు రోజులు వెనక వరండాలో కాఫీ తాగలేదు, అత్తగారు నాతో మాట్లాడలేదు. పైగా గుడ్ల కోళ్ళ మేతలో గవ్వపొడి, సున్నం బాగా ఉంటాయి, రెట్టలోనూ అంతే, మన నేలలు చాలాచోట్ల అసలే క్షారం వైపున్నాయి, సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, దాని మీద ఇదొకటి. పెంట పోగులో పదోవంతు కలిపి మాగబెట్టుకుంటే మంచి సరుకే, నేను కాదనను. తిన్నగా మొక్కకి వెయ్యమని చెప్పిన ఆ షాపు కుర్రాణ్ణే తిట్టుకుంటున్నాను.

కొబ్బరి పొట్టు దిమ్మ 5 కిలోలది 220 రూపాయలకి కొన్నాను, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి డొక్కలు గుట్టలు పడి ఉంటాయి, మా ఇంట్లో కాగు కిందకి అవే, అలాంటి చోట ప్లాస్టిక్ కవరులో నొక్కిన పొట్టుని డబ్బులిచ్చి కొన్నదాన్ని నేనే అయ్యుంటాను. నానబెడితే పెద్ద డ్రమ్ముడు అయింది, బాగుంది, తేలిగ్గా ఉంది. అయితే అది ఎరువు కాదు, ఎరువని అమ్మడమే తప్పు. పచ్చి కొబ్బరి పొట్టులో కర్బనం నత్రజనికి వంద రెట్ల పైనే ఉంటుంది, అలాంటిది మట్టిలో కలిపితే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని కూడా లాగేసుకుంటాయి, మొక్క పసుప్పచ్చగా అయిపోతుంది. ఉప్పు కూడా ఉంటుంది, మూడు నీళ్ళు మార్చి కడగాలి. నారు పోసుకోడానికీ, కుండీ మట్టి గుల్లగా ఉండడానికీ సరే. నేనైతే ఇప్పుడు డొక్క ముక్కలు వారం నానబెట్టి కుండీ అడుగున పడేస్తున్నాను, చిల్లి కాణీ ఖర్చు లేదు. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలకి ఇది బాగా పనిచేసింది, ఎందుకంటే అవి ఎర్రమట్టి ముద్దతో వస్తాయి, ఆ ముద్దని మన జిగట నేలలో పెడితే వేరు ఆ ముద్ద దాటి రావడానికి బద్ధకిస్తుంది, మధ్యలో గుల్లగా ఏదైనా ఉంటే దిగుతుంది.

వేపపిండి కిలో 40. ఈ షాపులో నేను ఒక్కసారి కూడా పేచీ పెట్టనిది ఇదే. చేదు వాసన గుప్పుమంటుంది, వేళ్ళకి కొద్దిగా జిడ్డు అంటుతుంది, ఇసక కలపలేదు, నీళ్ళలో వేసి చూశాను. మొక్కకి గుప్పెడు చాలు, వేసి మట్టి కప్పి వారం ఆగి నాటితే సరి. బాబాయిగారు దీన్నే ఇసకతో సమంగా కలిపి కొబ్బరి మొవ్వు దగ్గరి ఆకు మొదళ్ళలో పోయిస్తారు, కొమ్ము పురుగు దరికి రాకుండా. ట్రాక్టరు గొడవ తర్వాత ఆయనకి నా ఖర్చుతో 10 కిలోలు కొనిచ్చాను, పరిహారం.

పట్నం చెత్తతో చేసిన కంపోస్టు కూడా ఒక మూల ఉంటుంది, చవక. బస్తా విప్పి గుప్పెడు తీస్తే షాంపూ ప్యాకెట్ల మూలలు రెండు, గాజు పెంకు ఒకటి. అక్కడే మూటగట్టేశాను.

ఇక జీవామృతం సీసా. లీటరు 80 రూపాయలు, మూత బిగించి, పైన ఆవు బొమ్మ. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి తెలిసిందే, ఎకరానికి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్ళు, కలిపి రోజూ తిప్పి, తయారయ్యాక కొద్ది రోజుల్లోనే వాడేసుకోవాలి. అది పొంగే సరుకు, గాలి కావాలి. దాన్ని మూత బిగించి షెల్ఫులో పెట్టి అమ్మడమేంటో నాకు అర్థం కాలేదు, అయినా కొన్నాను చూశారా. స్కూటీ డిక్కీలో పెట్టుకుని వస్తుంటే మధ్యాహ్నం ఎండ, ఊరు మొదట్లో స్పీడు బ్రేకరు ఎక్కానో లేదో డిక్కీలో ఢామ్మని చప్పుడు. టైరు పేలిందనుకుని ఆపాను. తీసి చూస్తే సీసా మూత ఎగిరిపోయి, నా హ్యాండు బ్యాగూ, ఆర్‌సీ కాగితాలూ, అదే రోజు ఇస్త్రీ నుంచి తెచ్చుకున్న పట్టుచీరా అన్నీ జీవామృతంలో మునిగి ఉన్నాయి. ఆ డిక్కీ ఇప్పటికీ వానపడితే వాసనొస్తుంది. షాపాయనకి చెప్తే, "అంటే మంచి సరుకేనండి మేడంగారూ, బలంగా పొంగింది" అన్నాడు. దీనికి నేను నవ్వకుండా ఉండలేకపోయాను, అక్కడే ఓడిపోయాను. కావలసినవాళ్ళు బక్కెట్లో ఇంట్లోనే కలుపుకోండి, మొత్తం పాళ్ళలో ఇరవయ్యోవంతు కలిపితే 10 లీటర్లు, పెరటికి చాలు.

సర్వీసు గురించి. ఇంటికి తెచ్చిపెట్టడానికి ఆటోకి 100 తీసుకుంటారు, గేటు దగ్గర దించుతారు, వెనక్కి మోయాలంటే బస్తాకి ఇంకో 10. తెచ్చే కుర్రాడు మంచివాడు, పెంట తొక్కిన కాళ్ళతో వరండా ఎక్కడు, అడక్కుండానే గోనెసంచి పరిచి దింపుతాడు. షాపులో త్రాసు కాటా మీద ఎప్పుడూ ఓ ఇటిక ఉంటుంది, తీసెయ్యమంటే తీసేస్తారు, కానీ మనం అడగాలి. ఫోన్‌లో డబ్బులు తీసుకుంటారు, బిల్లు అడిగితే చీటీ ముక్క ఇస్తారు. ఖాళీ బస్తాలు తిరిగిస్తే 5 రూపాయలు. ఆదివారం మధ్యాహ్నం దాకానే, సోమవారం అసలు తియ్యరు. వానాకాలంలో షెడ్డు వెనక నీళ్ళు నిలుస్తాయి, ఆ నెలల్లో పెంట పోగు అడుగు సరుకు బురదే, పైన ఉన్నది అడిగి ఎత్తించుకోండి.

ఇంతా చేసి పెరడు ఏమైందంటారా, శ్రావణం దాకా ఆపిన ఆ పచ్చి లోడే చివరికి బంగారమైంది. మూడో వంతుకి కుదించుకుపోయింది, కానీ గుప్పెడు పట్టుకుంటే పేడని ఎవరూ అనరు. మడికి రెండు తట్టలు కలిపి బెండ వేశాను. నీళ్ళు పోస్తే ఇంకిపోతున్నాయి, పలకలు లేవడం లేదు, గునపం అవసరం లేకుండా చేత్తోనే పాదు తీస్తున్నాను. అత్తగారు వచ్చి, మట్టి చిటికెడు తీసి నలిపి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆవిడ ఏమీ అనకపోతే బాగున్నట్టు.

ఐదుకి ఎంత ఇస్తావంటే వానపాముల ఎరువుకి నాలుగు, వేపపిండికి ఐదు, పెంటకి రెండు, మిగతా వాటికి ఇవ్వను. షాపాయన మాటకారితనానికి వేరే ఒక మార్కు.

పోయిన నెల నుంచి కొత్త విషయం ఒకటి. నేను వెళ్ళిన ప్రతిసారీ "ఈ పోగు ఎప్పుడు వేశారు, తేదీ రాసిపెట్టండి" అని చంపుకు తింటున్నాను కదా, మొన్న వెళ్తే పెంట బస్తాలన్నింటి మీదా నల్ల పెయింటుతో తేదీలు. సంబరపడి రెండు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి విప్పితే మళ్ళీ ఆ ఘాటే, చిప్పలో పెసలు ఈసారి తొమ్మిదే మొలిచాయి. ఫోన్ చేసి అడిగితే, అది పోగు వేసిన తేదీ కాదంట, బస్తా మూతి కుట్టిన తేదీ అంట. ఆదివారం తట్ట పట్టుకుని వెళ్తున్నాను.